గృహ కంప్యూటరు: పునరారంభ దోషము

గృహమున వాడుకొను కంప్యూటరు, వాడువాని ఆజ్ఞ లేకయే, చేయుచున్న పనిని నడుమ విడిచి, తెర నల్లబడి, మరల మొదటినుండి మేల్కొనుటను పునరారంభ దోషమందురు. వాడుకలో దీనిని 'సిస్టం దానంతటదే రీస్టార్టవుతోంది' అని చెప్పుకొందురు. కంప్యూటరు స్తంభించి కదలకుండుట, పూర్తిగా ఆరిపోయి మరల వెలుగకుండుట, మేల్కొనుట కుపక్రమించి సగములో నిలిచిపోవుట అనునవి దీనికి చుట్టములే కాని ఇదియే కావు. ఈ భేదములను పాటింపక, అన్నింటిని 'సిస్టం పోయింది' అను నొక్క మాటతో ముగించి, క్యాబినెట్టును ఆటోలో వేసికొని దుకాణమునకు పోవుటచేతనే, ఏ పాపము నెరుగని ఎస్‌ఎంపీఎస్‌లును (కరెంటును కంప్యూటరుకు తగినట్లు మార్చియిచ్చు పెట్టెలును) ర్యాములును (తాత్కాలిక జ్ఞాపకపు పలకలును) నిత్యము మార్పబడుచున్నవి.

ఈ దోషమునందలి అసలు చిక్కు, అది తన సాక్ష్యమును తానే తుడిచివేసికొనుట. గోడ గడియారము ఆగిపోయినచో ఏ వేళ కాగినదో ముళ్లైనను చూపును. కంప్యూటరు ర్యామునందలి స్థితి యంతయు పునరారంభముతో నశించుటవలన, రెండు నిమిషములలో ఏమియు జరుగనట్లు మరల స్వాగతము పలుకును. కావున చికిత్స విడిభాగములతో గాక సాక్ష్యసేకరణతో ప్రారంభము కావలెను. ఒక చిన్న నోటుపుస్తకమున తేది, గంట, నిమిషము, అప్పుడు చేయుచున్న పని, ఇంటిలో అప్పుడు వేసిన మోటారు, ఏసీ, మిక్సీ మొదలగువానిని ఒక వారముపాటు వ్రాసికొనిన యెడల, నిర్ణయములో సగము ఆ పుటలయందే కానవచ్చును. మరమ్మతు చేయువా డడుగు మొదటి ప్రశ్న 'ఎప్పుడెప్పుడు అవుతోందండీ?' అని, దానికి 'ఎప్పుడు పడితే అప్పుడే' అను సమాధానము తప్ప మరొకటి లభించుట అరుదు.

పునరారంభము మొదట దోషముగా గాక సౌకర్యముగానే పుట్టినది. 1981లో ఐబీఎం సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును వెలువరించినప్పుడు, ఆ సంస్థ ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ, మాటిమాటికి మీట ఆర్పి వేయు శ్రమ తప్పించుటకై, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అను మూడు మీటలను కలిపి నొక్కు పద్ధతిని కల్పించెను. పొరపాటున చేయి తగిలి పని పాడుకాకుండుటకే రెండు చేతులు కావలసినంత దూరమున ఆ మీటలను ఎన్నుకొనిరి. 1982 నాటి ఇంటెల్ 286 ప్రాసెసరు రక్షిత విధానమున (ప్రొటెక్టెడ్ మోడ్) ప్రవేశించిన పిమ్మట దానినుండి వెనుకకు మరలు ద్వారము లేనందున, ఆనాటి ప్రోగ్రాము రచయితలు బుద్ధిపూర్వకముగా ప్రాసెసరుకు పునరారంభము కలిగించి పని గడుపుకొనుటయు కలదు. ఆ జాతి ప్రాసెసర్లలో నొక విశేషము నేటికిని నిలిచియున్నది: ఒక తప్పును సవరింపబోవుచుండగా రెండవ తప్పును, దానిని సవరింపబోగా మూడవ తప్పును తటస్థించినచో, ప్రాసెసరు చేతులెత్తివేయును, మదర్‌బోర్డు దానిని మరల మొదటికి తెచ్చును. తెరపై నొక అక్షరమైనను ముద్రింపబడదు.

ఎంత విచిత్రముగా కనబడినను పునరారంభములన్నియు మూడు జాతులలో ఇమిడిపోవును. నవీకరణములు ముగించుకొని విండోస్ గాని, మరియొక ప్రోగ్రాము గాని ఆజ్ఞ ఇచ్చి చేయించునది ఆజ్ఞాపూర్వకము. తన గర్భమున సరిదిద్దరాని లోపమును కనుగొనిన ఆపరేటింగ్ సిస్టం, ఫైళ్లు మరింత చెడకుండ తానే పని నిలిపి మరల మొదలుపెట్టునది ఆత్మరక్షకము. ఆపరేటింగ్ సిస్టమునకు తెలియనే తెలియకుండ, విద్యుత్తు తెగుటచేతనో, రీసెట్ తీగెలు కలియుటచేతనో, ప్రాసెసరు కుప్పకూలుటచేతనో కలుగునది నిశ్శబ్దము. వర్తకుని చిట్టాలో ఏ పూట లావాదేవీ ఆ పూట నమోదైనట్లు, విండోస్‌లో జరిగిన ప్రతి ముఖ్య సంఘటనయు 'ఈవెంట్ వ్యూయర్' అను చిట్టాకెక్కుచుండును. ఈ మూడు జాతులకును అందు మూడు వేర్వేరు గుర్తులుండును.

ఆ చిట్టాలో 'సిస్టం' విభాగమును తెరచి, నోటుపుస్తకమున వ్రాసికొన్న నిమిషమును వెదకవలెను. అచ్చట 1074 అను సంఖ్య యున్నచో అది ఆజ్ఞాపూర్వకము. ఏ ప్రోగ్రాము, ఎవరి పేర, ఏ కారణము చెప్పి పునరారంభము కోరినదో కూడ ఆ వాక్యముననే యుండును. 1001 అను సంఖ్యతో 'బగ్‌చెక్' అను మాట యున్నచో ఆత్మరక్షకము. ఇక 41 అను సంఖ్యయు, దాని ప్రక్క 'కెర్నెల్-పవర్' అను పేరును ఉండుట సర్వసామాన్యము. ఇందు 'పవర్' అను మాట చూచి ఎస్‌ఎంపీఎస్‌ను మార్పించుకొన్నవారెందరో కలరు. నిజమునకు ఆ వాక్యము చెప్పునది ఒక్కటే: క్రిందటిమారు కంప్యూటరు క్రమముగా మూయబడలేదు. అది చనిపోవుచున్నవాని వాఙ్మూలము కాదు. మరల మేల్కొన్న పిమ్మట, లెక్క సరిపోకుండుట గమనించి వ్రాసికొన్న చింతాకంత చీటీ. దానిని విప్పి వివరములు చూచినచో 'బగ్‌చెక్ కోడ్' అను పంక్తి కనబడును. అచ్చట సున్న యున్న యెడల, విండోస్‌కు మరణహేతువు తెలియదన్నమాట. నిశ్శబ్ద జాతి వైపు మొగ్గవచ్చును. సున్న గాక వేరొక సంఖ్య యున్న యెడల అదియే సూత్రము. 26 జ్ఞాపకశక్తి నిర్వహణలో లోపమును, 159 నిద్రావస్థలోనికి పోవుటలోనో దాని నుండి లేచుటలోనో ఒక డ్రైవరు మొరాయించుటను, 292 ప్రాసెసరో దాని పరిసరమో తానే ఒప్పుకొన్న యంత్రదోషమును సూచించును.

ఆత్మరక్షక జాతిని పట్టుకొనుటకు మరియొక సులభోపాయము కలదు. ఘోరలోపము సంభవించినప్పుడు విండోస్ నీలితెరపై దాని పేరు చూపును. కాని సర్దుబాటును మార్చనిచో వెంటనే తానే పునరారంభమగుటచే ఆ తెర కంటి కానక మునుపే మాయమగును. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటినుండి ఇంటింటను ఇదియే తంతు. లక్షల మందికి నీలితెరవ్యాధి పునరారంభవ్యాధిగా కనబడినది. సిస్టం ప్రాపర్టీస్‌లో 'అడ్వాన్స్‌డ్' పుటలో 'స్టార్టప్ అండ్ రికవరీ' క్రింద, 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' అను మాట కెదురుగా నున్న టిక్కును తీసివేసినచో, తరువాతి దుర్ఘటనలో తెర అట్లే నిలిచియుండును. చేతిఫోనుతో ఒక ఫొటో తీసికొనుటకు వ్యవధి దొరకును. విండోస్ 11 నూతన రూపములలో 2025 నుండి ఆ తెర నీలము గాక నలుపు.

విండోస్ ప్రమేయమున్నదా లేదా అని తేల్చుటకు మరమ్మతుకారు లెరిగిన పరీక్ష ఇంకొకటి. కంప్యూటరు వేసిన వెంటనే డిలీట్ గాని ఎఫ్2 గాని నొక్కి, విండోస్ మేల్కొనకముందే వచ్చు బయోస్ తెరలోనికి పోయి, అచ్చటనే ఒకటి రెండు గంటలు ఊరక వదలిపెట్టవలెను. అచ్చట విండోస్ లేదు, డ్రైవర్లు లేవు, వైరస్సు లేదు. అచ్చట కూడ పునరారంభమైనచో అపరాధము నిశ్చయముగా యంత్రభాగములదియో కరెంటుదియో అగును. హార్డ్‌డిస్కును ఫార్మాటు చేయుట వృథాప్రయాస. అచ్చట నిలకడగా నుండినంతమాత్రమున యంత్రము నిర్దోషియని మాత్రము చెప్పరాదు, ఏలయన బయోస్ తెరలో దానిపై పడు భారము స్వల్పము.

నిశ్శబ్ద జాతికి మొదటి నిందితుడు కరెంటు. మన గోడప్లగ్గులో వచ్చునది 230 ఓల్టుల, సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తు. ఒక్కొక్క ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పట్టును. గోడనుండి విద్యుత్తు హఠాత్తుగా తెగినను, ఎస్‌ఎంపీఎస్ తన గర్భమునందలి పెద్ద కెపాసిటరులో నిలువయున్న శక్తితో, సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకొనిరావలెనని తయారీదారులు పాటించు ఏటీఎక్స్ ప్రమాణము కోరుచున్నది. అంతలో కరెంటు రానిచో, 'విద్యుత్తు బాగున్నది' అని మదర్‌బోర్డుకు తాను నిరంతరము పంపుచుండు సంకేతమును ఎస్‌ఎంపీఎస్ ఉపసంహరించును. తత్‌క్షణమే ప్రాసెసరు నిలిచిపోవును. కరెంటు మరుక్షణమే వచ్చినచో కంప్యూటరు మరల లేచును. కన్ను రెప్పవేయు కాలములో ఇట్టివి రెండు మూడు జరుగగలవు గనుక, గదిలో దీపము కాస్త మినుకుమన్నట్లు తోచుటయే తప్ప కరెంటు పోయినదని ఎవరికిని స్ఫురింపదు. యూపీఎస్ ఈ సందును 4 నుండి 10 మిల్లీసెకన్లలో పూడ్చును. ఇంటి ఇన్వర్టరుకు యూపీఎస్ విధానము, సామాన్య విధానము అని రెండు స్థానముల మీట యున్నచో, దానిని యూపీఎస్ వైపు ఉంచవలెను. సామాన్య విధానమున మార్పిడి జాగు ఫ్యానుకు తెలియదు, కంప్యూటరుకు తెలియును.

యూపీఎస్ ఉన్నందున ఈ బాధ లేదనుకొనుట మరియొక పొరపాటు. ఈ వ్యాసకర్త ఎరిగిన యొక నాలుగంతస్తుల అపార్టుమెంటులో, మూడవ అంతస్తున నున్న కంప్యూటరు ఉదయము ఆరు గంటల ప్రాంతమునను, సాయంకాలము మరల ఒకమారును పునరారంభమగుచుండెను. విండోస్ రెండుమారులు మార్పిరి, ర్యాము మార్పిరి. చివరకు నోటుపుస్తకము పెట్టి తొమ్మిది రోజులు వ్రాయగా, ప్రతి పంక్తికి నెదురుగా ఇంటి యిల్లాలు చేర్చిన ఒక్కటే మాట కానవచ్చినది: 'వాచ్‌మన్ మోటారు వేశాడు.' బోరు మోటారు కదలిక నందుకొను క్షణమున, తన సాధారణ వినియోగమునకు అయిదారు రెట్లు విద్యుత్తును గుంజుకొనును. ఆ అరసెకను ఇంటిలో ఓల్టేజి క్రుంగును. యూపీఎస్ దానిని కనిపెట్టి, తన ధర్మము ననుసరించి, భారమును బ్యాటరీ మీదికి మార్చుచుండెను. ఆ బ్యాటరీ మూడేండ్లు దాటినది. మీటరు పెట్టి చూచిన 12 ఓల్టులు చక్కగా చూపుచుండెను గాని, భారము పడినంతనే చతికిలబడుచుండెను. యూపీఎస్ ప్లగ్గును గోడనుండి పెరికి చూడగా కంప్యూటరు ఆ క్షణముననే ఆరిపోయినది. ఇందలి వినోదమేమన, యూపీఎస్‌ను తీసివేసి కంప్యూటరును నేరుగా గోడకు తగిలించినప్పుడు మోటారు వేసినను ఏమియు కాలేదు. నేటి ఎస్‌ఎంపీఎస్‌లు పెక్కు 100 నుండి 240 ఓల్టుల వరకు పని చేయునట్టివి గనుక ఆ కొద్దిపాటి క్రుంగుడును అవి లెక్కచేయవు; కాపాడుటకు తెచ్చిన పెట్టెయే కాటు వేయుచుండినది. కొత్త 7 ఆంపియర్-గంటల సీలుబ్యాటరీతో కథ ముగిసినది. యూపీఎస్ బ్యాటరీని రెండు మూడేండ్లకొకసారి మార్చవలసినదే. లేజరు ప్రింటరును దానికి తగిలింపరాదు, కాగితమును కాచు దాని ఉష్ణకము మోటారుకంటె మెరుగైనది కాదు.

గోడప్లగ్గులోని వదులు సంధి, అరిగిన ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఎస్‌ఎంపీఎస్ వెనుక సగమే దూరిన తీగె కూడ ఇట్టి ఫలమునే ఇచ్చును. ప్లగ్గును మెల్లగా కదిపినప్పుడు చిటచిటలాడినచో పరీక్ష ముగిసినట్లే. క్యాబినెట్టును తాకినప్పుడు చేయి జిల్లుమన్న యెడల ఎర్తింగు లేదని తెలియవలెను. ఎస్‌ఎంపీఎస్ ముఖద్వారమున రెండు చిన్న కెపాసిటర్లు లైనును, న్యూట్రలును క్యాబినెట్టుతో కలుపుచుండును. భూసంబంధము లేనిచో క్యాబినెట్టు మీద సగము ఓల్టేజి, అత్యల్పమైన ప్రవాహముతో, తేలియాడుచుండును. పునరారంభమునకు దీనికి తప్పనిసరి సంబంధము లేకపోయినను, ఎలక్ట్రీషియనును పిలుచుటకు ఇది చాలిన హేతువు.

కరెంటు నిర్దోషి యైనచో తరువాతి నిందితుడు ఎస్‌ఎంపీఎస్. ఇది 12, 5, 3.3 ఓల్టుల ప్రవాహములను నూటికి 5 వంతుల తేడాను మించకుండ ఈయవలెను. అనగా 12 ఓల్టుల పంక్తి 11.4కు తగ్గరాదు, 12.6కు మించరాదు. ఊరకున్నప్పుడు సరిగానే యుండి, ఆట గాని వీడియో ఎడిటింగు గాని మొదలుపెట్టిన కొంతసేపటికి పునరారంభమగుట దీని సహజలక్షణము. ఆకుపచ్చ తీగెను నల్లతీగెతో పేపరు క్లిప్పుపెట్టి కలిపి, ఫ్యాను తిరిగినంతనే 'ఎస్‌ఎంపీఎస్ మంచిదే' అని తీర్పు చెప్పు అలవాటు దుకాణములలో కలదు. అది బ్రతికియున్నదని చెప్పునే కాని, బరువు మోయగలదని చెప్పదు. పెద్ద గ్రాఫిక్స్ కార్డులు సెకనులో లక్షవ వంతుల పరిమాణమున తమ గుంజుడును రెట్టింపు చేయుటచే, మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కూడ తడబడుచుండెను. అందుచే 2022లో వెలువడిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణము, నిర్ణీతశక్తికి రెండింతల భారమును 100 మైక్రోసెకన్లపాటు ఓర్వవలెనని విధించినది. సరుకును చేతబట్టి చూచినను కొంత తెలియును: 450 వాట్లని చీటీ అంటించి, ఖాళీ టిఫిన్‌డబ్బావలె తేలికగా నున్న ఎస్‌ఎంపీఎస్‌ను నమ్మరాదు. చెడినదానిని ఇంటిలో విప్పనే కూడదు. గోడ నుండి తీసిన పిమ్మట కూడ అందలి పెద్ద కెపాసిటరులో 300 ఓల్టులకు పైబడిన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

కెపాసిటరుల ప్రసక్తి వచ్చినది గనుక మదర్‌బోర్డు మీది వానిని కూడ చూడవలెను. 2000 ప్రాంతమున తయారైన ఎన్నో బోర్డులలో, లోపలి ద్రవము నాసిరకపుదగుటచే చిన్న చిన్న స్తూపములవంటి కెపాసిటర్లు ఒకటి రెండేండ్లకే ఉబ్బి కారిపోవుట ప్రపంచవ్యాప్తముగా జరిగినది. వాని శిరస్సుపై గీతలుగా చెక్కియుండుట అందముకొరకు కాదు. లోపల వాయువు పేరుకొన్నప్పుడు అచ్చట చీలుటకు. ఆ శిరస్సు అద్దమువలె సమముగా నుండవలెను. పూరీవలె పొంగినను, దానిమీద గోధుమరంగు పొక్కు కనబడినను, బోర్డు కాలము తీరినట్లే. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల ఈ కెపాసిటర్లను టంకము కరిగించి మార్చు నేర్పరులు కలరు.

ఉష్ణమును గూర్చి లోకమున నున్నంత భయము అక్కరలేదు. నేటి ప్రాసెసరు సుమారు 100 డిగ్రీల సెల్సియసు దగ్గర తన వేగమును తానే తగ్గించుకొనును; అదియు చాలనిచో విద్యుత్తును ఖండించి ఆరిపోవును. ఆరిపోవుట వేరు, తిరిగి లేచుట వేరు. వేడిచేత చచ్చినది సాధారణముగా లేవక పడియుండును. ఐనను రెంటచింతల, రామగుండము ఎండలలో గదివేడి 40 దాటినప్పుడు, గుంటూరు వీధిదుమ్ము హీట్‌సింకు రేకుల నడుమ నేసిన నల్లని దుప్పటిని బ్రష్షుతో తొలగించుట, ఎండి పెళుసైన థర్మల్ పేస్టును తుడిచి బఠాణీగింజంత కొత్తది పెట్టుట వ్యర్థము కాదు. అదే అదనుగా లోపల చచ్చిపడిన బల్లిని, ఎస్‌ఎంపీఎస్ రంధ్రములలో కాపురముపెట్టిన చీమలను కూడ చూడవచ్చును. ఇవి హాస్యమునకు చెప్పుచున్నవి కావు.

ర్యాము విషయమున మన మరమ్మతుకారుల చిట్కా ప్రశస్తమైనది. స్లాటునుండి ర్యామును తీసి, బంగారుపూత గల పండ్లను పిల్లల రబ్బరుతో రెండువైపుల మృదువుగా రుద్ది, పొడి దులిపి, 'టిక్కు'మను శబ్దము వచ్చువరకు మరల నొక్కుట. కోస్తాతీరపు ఉప్పుగాలిలో ఈ మాత్రముతోనే నెలల తరబడి పీడించిన దోషములు పోవుట కలదు. పోనిచో, 1994లో క్రిస్ బ్రేడీ మొదలుపెట్టిన మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవునుండి నడిపి రాత్రియంతయు వదలవలెను. ఒక్క తప్పు చూపినను ర్యామును గట్టిగా అనుమానింపవలెను. రెండు ర్యాములున్నచో ఒక్కొక్కటిగా పెట్టి పరీక్షింపవలెను. వేగము పెంచు ఎక్స్ఎంపీ సర్దుబాటును బయోస్‌లో తీసివేసి చూచుట మరువరాదు.

సాఫ్ట్‌వేరు దోషములలో చరిత్రకెక్కినవి కొన్ని. 2003 ఆగస్టు 11న బయలుదేరిన బ్లాస్టర్ పురుగు, ఇంటర్నెట్టుకు తగిలినంతనే ఎక్స్‌పీ కంప్యూటరులోని ఒక సేవను కూల్చి, తెరపై 60 సెకన్ల లెక్కింపును మొదలుపెట్టించుచుండెను. మందు దించుకొనవలెనన్న ఇంటర్నెట్టు కావలెను, ఇంటర్నెట్టు తగిలించిన నిమిషమునకు పునరారంభము! 'షట్‌డౌన్ మైనస్ ఏ' అను ఆజ్ఞను ఆ 60 సెకన్లలో టైపు చేసి లెక్కింపు నాపుట ఆనాటి వీరవిద్య. మరుసటి యేట సాసర్ అను మరొక పురుగు అదే నాటకమాడెను. ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్‌తో ఫైర్‌వాలు ముందే పనిలో నుండి వచ్చిన పిమ్మట ఈ జాతి సన్నగిల్లినది. 2018 జనవరిలో ప్రాసెసర్ల భద్రతాలోపములకై ఇంటెల్ విడుదల చేసిన మైక్రోకోడే కొన్ని తరములలో పునరారంభములు కలిగింపగా, ఆ నెల 22వ తేదిన ఆ సంస్థయే దానిని వాడవద్దని చెప్పవలసివచ్చెను. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతాసంస్థ పంపిన ఒక్క దోషపు ఫైలు, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారము సుమారు 85 లక్షల యంత్రములను మేల్కొనుట, కూలుట అను చక్రమున పడవేసినది. ఆ ఫైలు 78 నిమిషములు మాత్రమే పంపకమున నుండెను. హైదరాబాదు విమానాశ్రయములో ఆనాడు బోర్డింగ్ పాసులు చేతివ్రాతతో ఇచ్చిరి. ఆనాడు కూలినవి సంస్థల యంత్రములే గాని గృహములవి కావు. ఐనను సేఫ్ మోడ్‌లో ప్రవేశించి చివరగా వచ్చిన వస్తువును తొలగించుట అను చికిత్స రెండింటికిని సమానము. ఇంటిలో ఆ చివరి వస్తువు తరచుగా గ్రాఫిక్స్ డ్రైవరగుచుండును.

ఏ చికిత్సకైనను ముందు పిల్లల ఫొటోలను, లెక్కల ఫైళ్లను వేరొక డిస్కునకు ఎక్కించుకొనవలెను. నడుమ నడుమ తెగు కరెంటు డిస్కులో వ్రాయుచున్న ఫైలునే మొదట కబళించును. పిమ్మట ఒకమారు ఒక్కదానినే మార్చవలెను. ఎస్‌ఎంపీఎస్, ర్యాము, విండోస్ మూడును ఒకేనాడు మార్చినవాడు బాగైనప్పుడు దేనివలన బాగైనదో, బాగుకానప్పుడు ఏది నిర్దోషియో ఎరుగడు. క్యాబినెట్టు ముందరి రీసెట్ మీట నుండి మదర్‌బోర్డుకు పోవు రెండు సన్నతీగెలను ఊడదీసి నాలుగు రోజులు చూచుట ఖర్చులేని పరీక్ష. లోపలికి దిగబడి ఇరుక్కొన్న మీటచేత విసిగినవారికి అది చాలమారులు తుదిపరీక్షయు అగును.

ఇన్ని చూచిన పిమ్మటను, రెండు మూడేండ్ల కొకమారు కారణము చిక్కక సంభవించు పునరారంభము కలదు. చిప్పుల పైతొడుగులోనే యుండు లేశమాత్రపు రేడియోధార్మిక పదార్థము విడుచు ఆల్ఫా కణములు జ్ఞాపకములోని ఒక అంకెను తారుమారు చేయగలవని ఇంటెల్‌లో పని చేసిన టిమోతీ మే, మర్రే వుడ్స్ 1978లో వెల్లడించిరి. అంతరిక్షము నుండి వచ్చు కిరణములకు కూడ ఆ శక్తి కలదు. సర్వర్లలో దీనిని సవరించు ఈసీసీ ర్యాము వాడుదురు, ఇండ్లలో సాధారణముగా వాడరు. అట్టి ఒక్క పునరారంభమునకై క్యాబినెట్టు విప్పనక్కరలేదు; నోటుపుస్తకములో తేది, వేళ వ్రాసియుంచి, రెండవది వచ్చినప్పుడు ఆ పంక్తి ప్రక్కన దానిని కూడ వ్రాసి చూచుకొనవచ్చును.